నడిసముద్రంలో ఇనుము కరువు, దీవుల వాళ్ళ రక్తంలో ఇనుము-55

గుప్పెడు ఎర్రమట్టిలో ఒకటో రెండో గ్రాముల ఇనుము ఉంటుంది. మహబూబ్‌నగర్ చేలల్లో తీసినా, అనంతపురం మెట్టల్లో తీసినా అంతే, ఆ ఎరుపంతా తుప్పే కదా. అదే రెండు గ్రాముల ఇనుము పసిఫిక్ నడిసముద్రం పై నీళ్ళలోంచి తియ్యాలంటే మాత్రం సుమారు 20 కోట్ల లీటర్లు వడకట్టాలి. ఒలింపిక్ ఈతకొలనులతో లెక్కేస్తే ఎనభై. తీరానికి దూరంగా పోయేకొద్దీ లీటరు సముద్రపు నీళ్ళలో ఇనుము పది నానోగ్రాములకు అటూఇటూ ఉంటుంది, అంటే గ్రాములో పదికోట్లవ వంతు.

పసిఫిక్ దీవుల వాళ్ళకీ, అణుబాంబు పరీక్షల్లో పుట్టిన ఇనుము-55 అనే రేడియోధార్మిక ఇనుముకీ ఉన్న సంబంధమంతా ఈ కరువులోనే ఉంది. బాంబు ఎంత పెద్దది, బూడిద ఎంత రాలింది అనేవి తర్వాతి సంగతులు.

ముందు ఆ ఇనుము ఎక్కడిదో చూద్దాం. ఇనుము-55 యురేనియం చీలినప్పుడు వచ్చే ముక్క కాదు. బాంబు తొడుగులోనూ, దాన్ని నిలబెట్టిన ఉక్కు టవర్‌లోనూ, మోసిన పడవలోనూ ఉన్న మామూలు ఇనుమే పేలుడులో పుట్టిన న్యూట్రాన్లు తగిలి ఇనుము-55గా మారుతుంది. ప్రకృతిలో దొరికే ఇనుములో దాదాపు ఆరు శాతం ఇనుము-54 ఉంటుంది, అది ఒక న్యూట్రాన్ మింగితే చాలు. హైడ్రోజన్ బాంబుల్లో న్యూట్రాన్లు విపరీతంగా పుడతాయి కాబట్టి ఇదీ విపరీతంగానే పుట్టింది. రేడియోధార్మికతను బెక్వెరెళ్ళలో కొలుస్తారు, సెకనుకు ఒక అణువు క్షీణిస్తే ఒక బెక్వెరెల్, పెటా అంటే కోటి కోట్లకు పది రెట్లు. వాతావరణంలో జరిపిన పరీక్షలన్నీ కలిపి 1,530 పెటాబెక్వెరెళ్ళ ఇనుము-55ను గాల్లోకి వదిలాయని ఐక్యరాజ్య సమితి రేడియేషన్ కమిటీ అంచనా. అందరికీ తెలిసిన సీజియం-137 ఇదే లెక్కలో 948. అంటే పేరున్నదాని కంటే పేరులేనిదే ఎక్కువ రాలింది.

మరి ఇన్నాళ్ళూ దీని గురించి ఎందుకు వినలేదంటే, ఇది కనపడదు. సీజియం-137 వదిలే గామా కిరణం శక్తి 662 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి పక్కన కౌంటర్ పెడితే ఒంట్లో ఎంతుందో చెప్పేస్తుంది. ఇనుము-55 అలా కాదు. దాని కేంద్రకం తన చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌నే ఒకదాన్ని లోపలికి లాక్కుని మాంగనీస్‌గా మారిపోతుంది. ఆ సందడిలో బయటకొచ్చేది 5.9 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల బలహీనమైన ఎక్స్ కిరణం, దానికంటే చిన్న ఎలక్ట్రాన్లు కొన్ని. పోస్టుకార్డు మందం నీటి పొర అడ్డమున్నా ఆ ఎక్స్ కిరణాల్లో సగం అక్కడే ఆగిపోతాయి, ఇక చర్మం, కండ దాటి బయటికొచ్చేదెక్కడ? దీన్ని పట్టుకోవాలంటే రక్తం తీయాలి, దాన్ని బూడిద చెయ్యాలి, ఆ బూడిదలోంచి రసాయనాలతో ఇనుమును విడదీయాలి, విడదీసిన ఇనుమును చిన్న లోహపు బిళ్ళ మీద పల్చటి పూతలా ఎక్కించాలి, అప్పుడు ప్రత్యేకమైన కౌంటర్ కింద పెట్టి గంటల తరబడి లెక్కపెట్టాలి. ఇంత పని ఎవరూ ఊరికే పెట్టుకోరు. అందుకే 1950లలో పరీక్షలు జోరుగా సాగుతున్నప్పుడు దీన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1965లో అమెరికాలోని హాన్‌ఫోర్డ్ అణుకేంద్రంలో పనిచేసే పామర్, బీస్లీ మనుషుల్లోనూ వాళ్ళు తినే తిండిలోనూ ఇనుము-55ను కొలిచి ప్రకటించాకే ఇది చర్చలోకి వచ్చింది.

ఆ టైమ్ కూడా గమనించాలి. 1961, 1962 సంవత్సరాల్లో రెండు దేశాలూ పోటీపడి పేల్చాయి. సోవియట్ వాళ్ళు నొవాయా జెమ్ల్యా దీవుల్లో, 1961 అక్టోబర్ 30న పేలిన 50 మెగాటన్నుల బాంబు అక్కడిదే. అమెరికా వాళ్ళు 1962లో పసిఫిక్‌లోని జాన్‌స్టన్, క్రిస్మస్ దీవుల దగ్గర. 1963లో పరీక్షల నిషేధ ఒప్పందం మీద సంతకాలయ్యేసరికి ఉత్తరార్ధగోళం ఆకాశమంతా ఈ ఇనుముతో నిండి ఉంది, తర్వాతి రెండు మూడేళ్ళు అది వానతో కిందికి దిగుతూ వచ్చింది.

దిగినది నేల మీద పడితే ఏమైంది? పెద్దగా ఏమీ కాలేదు. నిండు గాదెలో గుప్పెడు గింజలు పడ్డట్టు మట్టిలో ఉన్న టన్నులకొద్దీ మామూలు ఇనుములో కలిసిపోయింది. మొక్కకు ఇది వేరు అది వేరు అని తెలీదు, వేరుకు అందిన ఇనుమును పీల్చుకుంటుంది. అందిన దానిలో కోట్లకు ఒక అణువు కూడా రేడియోధార్మికం కాకపోతే పంటలో ఉండేదెంత? సముద్రంలో పడ్డది మాత్రం ఖాళీ గాదెలో పడ్డ గింజలు. అక్కడ పై నీళ్ళలో నాచు లాంటి సూక్ష్మజీవులు ఇనుము కోసం అల్లాడుతుంటాయి. నైట్రేటూ ఫాస్ఫేటూ నిండుగా ఉండి కూడా ఇనుము లేక పచ్చదనం రాని సముద్రాలు ఉన్నాయి, జాన్ మార్టిన్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త 1980ల చివర్లో దీన్ని పట్టుకున్నాడు. అలాంటి చోట ఆకాశం నుంచి ఇనుము రాలితే ఆ జీవాలు వదులుతాయా? నాచును తిన్న చిన్న జీవాలు, వాటిని తిన్న చిన్న చేపలు, వాటిని తిన్న సాల్మన్లు, ట్యూనాలు. శాస్త్రవేత్తలు దీన్ని విశిష్ట క్రియాశీలత అంటారు, గ్రాము ఇనుములో ఎన్ని బెక్వెరెళ్ళు అని లెక్క. గొడ్డు మాంసంలోంచి ఒక గ్రాము, చేపలోంచి ఒక గ్రాము ఇనుము తీసి పోలిస్తే, సముద్రపు చేపలోని గ్రాము ఎన్నో రెట్లు ఎక్కువ రేడియోధార్మికంగా తేలింది.

దీనికి చక్కటి ఉదాహరణ దీవిలో కాదు, అలాస్కాలో దొరికింది. కుస్కోక్విమ్ నది ఒడ్డున బెతెల్ అనే ఊరుంది. అక్కడి స్థానిక జనానికి ఏడాది పొడుగునా సాల్మనే తిండి, ఎండబెట్టి, పొగబెట్టి దాచుకుంటారు. సాల్మన్ ఏళ్ళ తరబడి నడి పసిఫిక్‌లో మేసి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కి వస్తుంది. అంటే వేల కిలోమీటర్ల అవతల పడ్డ ఇనుమును ఒంట్లో మోసుకొచ్చి ఊరి గుమ్మంలో అప్పజెబుతుంది. 1960ల మధ్యలో బెతెల్ వాళ్ళ రక్తంలో ఇనుము-55 అమెరికా మిగతా జనం కంటే చాలా ఎక్కువగా కనపడింది. చేపలు బాగా తినే జపాన్‌లో కూడా అమెరికన్ల కంటే ఎక్కువే. బాంబు పడ్డ చోటుకు దగ్గరా దూరమా అన్నదానికంటే కంచంలో ఏముందన్నదే తేల్చేసింది.

ఇక ఒంట్లోకి వచ్చాక జరిగేది మరో కథ. శరీరానికి ఇనుమంటే మహా పిసినారితనం. పెద్దవాళ్ళలో మొత్తం నాలుగు గ్రాముల దాకా ఇనుము ఉంటే అందులో మూడింట రెండొంతులు రక్తంలోని హిమోగ్లోబిన్‌లోనే. రోజుకు తీసుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములు, పోగొట్టుకునేదీ అంతే. ఎక్కువైన ఇనుమును మూత్రంలో పారబోసే ఏర్పాటేమీ శరీరంలో లేదు. ఎర్రకణం నాలుగు నెలలు బతికి చచ్చిపోతే దానిలోని ఇనుమును ప్లీహం పీకి తీసి మళ్ళీ ఎముక మూలుగకు పంపిస్తుంది, కొత్త కణం తయారవుతుంది. ఒకసారి లోపలికి వచ్చిన ఇనుము సగానికి తగ్గడానికి సుమారు 2,000 రోజులు పడుతుందని రేడియేషన్ రక్షణ లెక్కల్లో వాడతారు. ఇనుము-55 తనంతట తానుగా క్షీణించి సగమవడానికి 2.7 ఏళ్ళు, అంటే సుమారు 1,000 రోజులు. రెండూ కలిపితే ఒంట్లో అది సగమవడానికి రెండేళ్ళకు కాస్త తక్కువ. సీజియం-137 అలా కాదు, పెద్దవాళ్ళలో మూడు నాలుగు నెలల్లో సగం బయటికి పోతుంది.

అయితే అందరూ ఒకేలా పీల్చుకోరు. చేపలోని ఇనుములో కొంత భాగం హీమ్ రూపంలో, అంటే రక్తంలోనూ కండలోనూ ఉండే రూపంలోనే ఉంటుంది, దీన్ని పేగు సులువుగా తీసుకుంటుంది. ఆకుకూరల్లోని ఇనుము అంత తేలిగ్గా ఎక్కదు. పైగా ఒంట్లో నిల్వలు తగ్గితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తగ్గించి పేగు తలుపులు బార్లా తెరుస్తుంది. అంటే రక్తహీనత ఉన్నవాళ్ళు, నెలసరి వచ్చే ఆడవాళ్ళు, గర్భిణులు, ఎదిగే పిల్లలు అదే చేప ముక్కలోంచి మిగతావాళ్ళ కంటే ఎక్కువ ఇనుము లాక్కుంటారు, రేడియోధార్మికమో కాదో శరీరం చూడదు. చేపలో ఏ భాగం తింటున్నారన్నదీ ముఖ్యమే. ఇనుము ఎక్కువగా ఉండేది కార్జంలో, రక్తంలో, నల్లటి కండలో. తెల్లటి ముక్కలు కోసుకుని మిగతాది పారేసేవాళ్ళకి, తలా కార్జం సహా పులుసు పెట్టుకునేవాళ్ళకి ఒకే లెక్క వెయ్యడం కుదరదు. పీతలు, నత్తలు, ఆల్చిప్పలు ఇంకా ముందుంటాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పట్టికల ప్రకారం నీళ్ళలో ఉన్నదానికి చేప ఒంట్లో ఇనుము 30,000 రెట్లు చేరితే ఆల్చిప్పల్లో లక్షల్లోకి పోతుంది. సీజియం చేపలో వంద రెట్లే.

ఇనుము పేగులోంచి ఎలా ఎక్కుతుందన్న ఈ జ్ఞానం ఎక్కడిదో కూడా ఒక మాట చెప్పాలి. చాలావరకు రేడియోధార్మిక ఇనుమునే మనుషులకు తినిపించి నేర్చుకున్నది. 1940లలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ క్లినిక్‌లో ఎనిమిది వందల మందికి పైగా గర్భిణులకు ఇనుము-59 కలిపిన ద్రావణం తాగించారు. 1969లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో దక్షిణాసియా నుంచి వెళ్ళి స్థిరపడ్డ 21 మంది ఆడవాళ్ళకు రేడియోధార్మిక ఇనుము కలిపిన చపాతీలు ఇంటికి పంపారు, ఏం తింటున్నారో వాళ్ళకు సరిగా అర్థమయ్యేలా చెప్పారా లేదా అన్న గొడవ 2023లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల దాకా వెళ్ళింది. అంగీకారం అడగకుండా కొలవడం దీవుల్లోనే జరిగిందనుకోవడానికి లేదు.

అయినా దీవుల సంగతి వేరే స్థాయి. 1946 నుంచి 1958 దాకా మార్షల్ దీవుల్లో అమెరికా 67 పరీక్షలు చేసింది. 1954 మార్చి 1న అక్కడి బికినీ దీవిలో పేలిన బ్రావో అనే హైడ్రోజన్ బాంబు అనుకున్నదానికి రెండున్నర రెట్లు, 15 మెగాటన్నులు పేలింది. గాలివాటున ఉన్న రొంగెలాప్ దీవి మీద తెల్లటి పగడపు బూడిద రాలింది. అక్కడివాళ్ళను తరలించేసరికి రెండు రోజులు దాటింది. 1957లో ఇక ఫర్వాలేదని తిరిగి తీసుకొచ్చారు. వాళ్ళు ఆ దీవిలో నివసిస్తే రేడియేషన్ గురించి విలువైన సమాచారం దొరుకుతుందని అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల వైద్య బృందం తన నివేదికలోనే రాసుకుంది. ఆ బృందం ఏటా వచ్చి రక్తం తీసుకుపోయేది. రొంగెలాప్ మనుషుల్లో, చేపల్లో, మట్టిలో ఇనుము-55 కొలతలు కూడా ఆ పనిలో భాగంగానే 1972లో అచ్చయ్యాయి.

రొంగెలాప్ వాళ్ళని దెబ్బతీసింది మాత్రం ఇనుము కాదు. మొదటి రెండు రోజుల్లో బయటి నుంచి తగిలిన గామా, గొంతులో చేరిన రేడియోధార్మిక అయోడిన్. 1963 నుంచి అక్కడి పిల్లల్లో థైరాయిడ్ గడ్డలు బయటపడుతూ వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో టెన్షన్ పెట్టింది సీజియం-137, అది కూడా సముద్రం నుంచి కాదు, కొబ్బరికాయ నుంచి.

ఇక్కడ ఇనుము కథ అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. సీజియం రసాయనికంగా పొటాషియంకు తమ్ముడి లాంటిది. సముద్రపు నీటిలో పొటాషియం లీటరుకు దాదాపు 400 మిల్లీగ్రాములు, కావలసినంత. అందుకే చేప సీజియం జోలికి పెద్దగా పోదు. పగడపు దీవి నేల అంటే సున్నపురాయి పొడి, అందులో పొటాషియం దాదాపు లేనట్టే. దాంతో కొబ్బరి, సీమపనస, మొగలి జాతి పండ్ల చెట్లు పొటాషియం అనుకుని సీజియాన్ని తోడేసుకున్నాయి. 1970ల మొదట్లో తిరిగొచ్చిన బికినీ వాళ్ళ ఒంట్లో సీజియం పెరిగిపోతోందని 1978లో మళ్ళీ ఖాళీ చేయించారు. ఆ తర్వాత అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్ళు బికినీ కొబ్బరి చెట్లకు పొటాషియం ఎరువు వేసి చూస్తే కాయల్లో సీజియం బాగా తగ్గిపోయింది. మన దగ్గర కొబ్బరి రైతు పొటాష్ వేసేది దిగుబడికి, అక్కడ వేసింది విషం చెట్టెక్కకుండా. అణు ప్రమాదంలో పంచే అయోడిన్ మాత్రలదీ ఇదే సూత్రం. మంచిది కడుపునిండా ఉన్నచోట చెడ్డదానికి చోటు దొరకదు. ఒకే దీవిలో పొటాషియం కరువు నేలలో, ఇనుము కరువు నీళ్ళలో. సీజియం చెట్టెక్కింది, ఇనుము చేపెక్కింది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఒంట్లో చేరిన ఆ ఇనుము వల్ల ఎంత హాని? అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ లెక్కల్లో పెద్దవాళ్ళు ఒక బెక్వెరెల్ ఇనుము-55 తింటే వచ్చే డోసు, ఒక బెక్వెరెల్ సీజియం-137 తింటే వచ్చే డోసులో నలభయ్యో వంతు. డోసును కొలిచేది సీవర్టుల్లో, అందులో పదిలక్షలవ వంతు మైక్రోసీవర్టు. పదివేల బెక్వెరెళ్ళ ఇనుము-55 తిన్నా 3.3 మైక్రోసీవర్టులే. భూమ్మీద సగటు మనిషికి నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి సహజంగా ఏడాదికి 2,400 మైక్రోసీవర్టులు అందుతుంది, కాబట్టి ఇది సగం రోజు వాటా. బెక్వెరెళ్ళ సంఖ్య చూసి బెదిరిపోవడం ఎంత తప్పో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒకే ఒక్క తిరకాసు ఉంది. ఆ చిన్న ఎలక్ట్రాన్లు మైక్రాన్ దూరం కూడా పోకుండా ఉన్నచోటే శక్తినంతా కుమ్మరిస్తాయి, ఇనుము ఉండేదేమో ఎర్రకణాల్లోనూ, వాటిని పుట్టించే మూలుగలోనూ. సగటు డోసు తక్కువే అయినా పంపకం సమానంగా ఉండదన్నమాట.

సముద్రపు తిండిలో రేడియేషన్ గురించి నిజంగా పట్టించుకోవాలనుకునేవాళ్ళు చూడాల్సింది పొలోనియం-210ని. దాన్ని బాంబులు పుట్టించలేదు, యురేనియం వరసలో ప్రకృతే పుట్టిస్తుంది, సముద్రంలో ఎప్పటినుంచో ఉంది. బెక్వెరెల్‌కు బెక్వెరెల్ పోలిస్తే ఇనుము-55 కంటే మూడున్నర వేల రెట్లు ఎక్కువ డోసు ఇస్తుంది. చేపల పేగుల్లో, కార్జంలో, ఆల్చిప్పల్లో పోగవుతుంది కాబట్టి కడుపు తీయకుండా మొత్తంగా తినే చిన్న చేపల్లో ఎక్కువ. కాకినాడ, శ్రీకాకుళం తీరాల్లో నెత్తళ్ళు వేపుడు చేసుకునేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది, మార్షల్ దీవుల వాళ్ళకూ వర్తిస్తుంది. అలాగని నెత్తళ్ళు మానెయ్యక్కర్లేదు. మనుషులు వేల ఏళ్ళుగా ఈ డోసుతోనే బతుకుతున్నారు.

బాంబుల ఇనుము-55 సంగతికొస్తే, అది దాదాపు పోయింది. 1962 నుంచి ఇప్పటికి ఇరవై రెండు అర్ధాయువులు, అంటే సగమయ్యే కాలాలు, దాటాయి, అప్పుడున్నదానిలో నలభై లక్షల్లో ఒక వంతు కూడా మిగల్లేదు. ఇప్పుడు కొత్తగా పుట్టేది రియాక్టర్ల ఉక్కులో. 2023 ఆగస్టు 24 నుంచి జపాన్‌లో ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణుకేంద్రం నుంచి శుద్ధి చేసిన నీళ్ళను పసిఫిక్‌లోకి వదులుతున్నారు కదా, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కాకుండా ప్రతిసారీ కొలిచి చూడాలని పెట్టుకున్న పదార్థాల జాబితాలో ఇనుము-55 కూడా ఉంది. వార్తల్లో అందరూ ట్రిటియం గురించే కొట్టుకున్నారు. చేప ఒంట్లో ట్రిటియం నీళ్ళలో ఉన్నంతే ఉంటుంది, ఒక రెట్టు. ఇనుము ముప్పై వేల రెట్లు. అందుకే నీళ్ళలో పరికరానికి అందనంత తక్కువ ఉన్నా లెక్కలు వేసేవాళ్ళు దాన్ని వదిలిపెట్టలేదు.

పసిఫిక్ దీవుల దేశాలు ఆ నీళ్ళ మీద అభ్యంతరం చెప్పినప్పుడు వాళ్ళకు సైన్స్ తెలీదని ఎగతాళి చేసినవాళ్ళు కొందరున్నారు. 1957లో ఫర్వాలేదని చెప్పి దింపినవాళ్ళ దగ్గరా సైన్సే ఉంది. రొంగెలాప్ జనం 1985లో ఇక ఎవరి మాటా నమ్మకుండా గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఓడెక్కి ఊరొదిలి మెజాటో దీవికి వెళ్ళిపోయారు.

ఊరు మారాక తిండీ మారింది. చెట్లెక్కువ లేని చిన్న దీవుల్లో, ఇరుకు పట్నాల్లో ఓడల మీద వచ్చే బియ్యం, పిండి, డబ్బా మాంసం, చక్కెరే ఆధారం. చేప తగ్గింది, కొబ్బరి తగ్గింది. ఇప్పుడు మార్షల్ దీవుల్లో ఆసుపత్రికి వచ్చేవాళ్ళను ఎక్కువగా పీడిస్తున్నది షుగర్ జబ్బు, ప్రపంచంలోనే అది అత్యధికంగా ఉన్న దేశాల్లో వాళ్ళదొకటి.